"ఇది కూడా తెలీదా?"

కొండ మీది క్లాసు – 11

రెండేళ్ళ కిందటి మాట. రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మా బీఏ రెండో సంవత్సరం కుర్రాడు, డుంబ్రిగుడ వైపు ఊరు. వాయిస్ నోట్ పంపాడు. "సార్, పడుకున్నారా? చిన్న డౌటు సార్. పాట బానే వస్తంది గాని డప్పు కొట్టేసరికి ఫోన్లో పగిలిపోతంది. ఎన్నిసార్లు తీసినా అలాగే. ఏటి చెయ్యాలి సార్?"

కింద నలభై సెకన్ల పాట. వాళ్ళ పెద్దమ్మ కువిలో పాడుతోంది. గొంతు నిజంగానే బాగుంది. డప్పు దెబ్బ పడిన చోటల్లా రేకు మీద రాయి పడ్డట్టు చప్పుడు.

నేను తెలుగు లెక్చరర్ని. వృత్త్యనుప్రాసకీ ఛేకానుప్రాసకీ తేడా అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "రేపు కనుక్కుని చెప్తా బాబూ" అని పెట్టేశాను. నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో తర్వాత చెప్తాను.

మర్నాడు విశాఖలో స్టూడియో నడిపే ఒక పరిచయస్తుడికి ఫోన్ చేశాను. మనిషి మంచివాడే. "ఎందుకండీ పిల్లలకా గొడవ? పాట ఒక్కటీ పాడి పంపమనండి. డప్పు మేం ఇక్కడ ప్యాడ్ మీద వేసేస్తాం. ట్రైబల్ లూపులు బోలెడున్నాయి" అన్నాడు. ట్రైబల్ లూపు! అరకులో డప్పు కొట్టే మనిషి ఉండగా, ఏ దేశంలోనో ఎవరో కంప్యూటర్లో తయారుచేసి "ట్రైబల్" అని పేరు పెట్టిన నాలుగు సెకన్ల ముక్కని తెచ్చి ఆ మనిషి స్థానంలో పెడతారన్నమాట. నేను అడిగింది డప్పు పగలకుండా రికార్డు చెయ్యడం ఎలా అని. ఆయన చెప్పింది డప్పు లేకుండా పాట చెయ్యడం ఎలా అని.

మిత్రులారా, ఈసారి రాయాలనుకున్నది ఇదే. మన పాటల గురించి సెమినార్లు పెట్టేవాళ్ళున్నారు, పుస్తకాలు వేసేవాళ్ళున్నారు, సినిమాల్లోకి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. కొత్తగా ఫోన్ పట్టుకుని తన ఇంట్లో తన పాట తనే రికార్డు చేసుకుందామనుకున్న పిల్ల, "ఇదెందుకిలా వస్తోంది?" అని అడిగితే చెప్పేవాళ్ళు ఎక్కడున్నారు?

నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు చెప్తాను.

నాది శ్రీకాకుళం పల్లపు ఊరు. మా నాన్న డప్పు కొట్టేవాడు. మా మేనత్తకి నాట్ల పాటలు, ఏడుపు పాటలు, జాజర పాటలు లెక్కలేనన్ని వచ్చు. నా పీహెచ్‌డీలో సగం ఆవిడే. అప్పుడు నా దగ్గరొక చవక ఫోను ఉండేది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని రికార్డు చేశాను. యూనివర్సిటీలో రికార్డింగు గది ఉంది, చూసుకునే ఉద్యోగి ఉన్నాడు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను: "సార్, గుడ్డ రాసుకుంటున్న చప్పుడు వస్తోంది, ఎలా పోతుంది?" ఆయన పక్కనున్న ఇద్దరి వైపు తిరిగి, "ఫోక్‌లోర్ చేస్తన్నాడంట. ఫోను ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు మనమూ నవ్వుతాం కదా. మళ్ళీ ఆ గదివైపు వెళ్ళలేదు.

జవాబు మూడు మాటలు. జేబులోంచి తీసి, మడిచిన తువ్వాలు మీద పెట్టు. అంతే. ఎవరూ చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు. మా అత్త పోయింది. ఇప్పుడు నా దగ్గరున్నది పదకొండు గంటల చొక్కా చప్పుడు, దాని వెనకెక్కడో ఆవిడ. థీసిస్‌లో మాత్రం పాటలన్నీ చక్కగా టైపు చేసి ఉన్నాయి. ఆవిడ పేరు అనుబంధంలో, "సమాచారదాతలు" అనే శీర్షిక కింద.

ఏకలవ్యుడి కథ మళ్ళీ చెప్పను, చెప్పి చెప్పి మనకే విసుగొచ్చింది. అయినా బొటనవేలు కొయ్యాల్సిన అవసరం ఇప్పుడెవరికీ లేదు. "ఇది కూడా తెలీదా?" అంటే చాలు, వేలు దానంతటదే ముడుచుకుంటుంది.

డప్పు సంగతికొస్తాను. జవాబు స్టూడియోనుంచి రాలేదు. పాడేరులో పాలిటెక్నిక్ చదివే మా కుర్రాడి బావ వారం రోజులు కొట్టి, విని, కొట్టి, విని కనిపెట్టాడు. ఫోన్ రికార్డరు తనంతట తనే శబ్దం హెచ్చుతగ్గులు సర్దుకుంటుంది. పెద్దమ్మ మెల్లగా పాడుతుంటే "చిన్న గొంతు" అనుకుని చెవి పెద్దది చేసుకుంటుంది. ఆ పెద్ద చెవిలో డప్పు దెబ్బ పడుతుంది. అది సర్దుకునేలోపే పగిలిపోతుంది. ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత అతికించడం కుదరదు, కాబట్టి తీసేటప్పుడే చూసుకోవాలి. ఆ సర్దుబాటుని ఆపుకునే వీలున్న యాప్ వాడాలి. మట్టం తగ్గించి, మీటరులో పెద్ద దెబ్బ కూడా మైనస్ పన్నెండు డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. డప్పు మనిషిని పది అడుగుల వెనక్కి, కాస్త పక్కకి నిలబెట్టాలి. పాడే మనిషి జానెడు దూరంలో ఉండాలి.

ఆ వారంలోనే ఇంకొకటి బయటపడింది. అరకు మంచుకి డప్పు చర్మం వదులైపోతుంది. మొదటిసారి తీసినప్పుడున్న నాదం మూడోసారికి ఉండదు, కిందికి జారిపోతుంది. ఇదేదో ఫోన్ లోపమని పిల్లలు సెట్టింగులన్నీ తిప్పేశారు. డప్పు కొట్టే తాత వచ్చి, ఏం మాట్లాడకుండా రెండు ఎండుకొమ్మలు ముట్టించి డప్పు కాచి, "ఇప్పుడు తియ్యండి" అన్నాడట. ఏ స్టూడియో ట్యుటోరియల్లో ఉంది ఈ జవాబు? అప్పుడే నాకొకటి అర్థమైంది. తెలిసినవాడు ఒకవైపు, తెలియనివాడు ఒకవైపు అనేది అబద్ధం. చెవి గురించి తాతకి తెలుసు, మీటరు గురించి బావకి తెలుసు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టే అరుగే లేదు.

అలా మొదలైంది మా వాట్సాప్ గుంపు. ఆరుగురు ఇప్పుడు డెబ్భై దాటారు. అరకు, హుకుంపేట, ముంచింగిపుట్టు, అనంతగిరి, అటు పార్వతీపురం వైపు నుంచి కూడా. పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. "గూగుల్ చెయ్" అనకూడదు. గూగుల్ చెయ్యలేక కాదు వాళ్ళు అడిగేది. ఇంట్లో కువి, ఊరిలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, తెరమీద ఇంగ్లీషు. మూడు కొండలు దిగి ఒక నది దాటాక గాని ప్రశ్న అక్కడికి చేరదు. చేరినా, అవతల జవాబిచ్చేవాడు ముందు అడిగేది "నీ ఇంటర్‌ఫేస్ ఏంటి, మైకేంటి" అని. మైకు ఏదంటే ఫోన్లో ఉన్నదే. అక్కడితో సంభాషణ అయిపోతుంది. సరుకు పేరు అడగడం కూడా ఒక రకంగా ఇంటిపేరు అడగడమే.

తెలుగు పంతులు బుద్ధి పోదు కదా, ఈ గుంపులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పిల్లల మాటలు. వాళ్ళకి "క్లిప్పింగ్" తెలీదు, "పగులు" అన్నారు. ఖాళీ గది ప్రతిధ్వనిని "నూతి గొంతు" అన్నారు. కరెంటు తీగలోంచి వచ్చే సన్నటి మోతని "తుమ్మెద" అన్నారు. "సార్, నా పాటలో తుమ్మెద దూరింది" అని మెసేజి వస్తే చార్జరు తీసేసి రికార్డు చెయ్యమని నాలాంటివాడు కూడా ఇప్పుడు చెప్పగలడు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండో గొంతు పాడితే అది కాస్త ఆలస్యంగా పడుతుంది. దానికి వాళ్ళు పెట్టిన పేరు "వెనకబాటు". ఒక అమ్మాయి రాసింది: "మనల్ని వెనకబడ్డోళ్ళు అంటారు గదా, ఈ బ్లూటూత్ మనకన్నా వెనక." నలభై రూపాయల తీగ ఇయర్‌ఫోన్‌తో ఆ వెనకబాటు పోయింది. మిగతా వెనకబాట్ల సంగతి వేరే భాగంలో.

మా సిలబస్‌లో గిడుగు రామమూర్తి ఉన్నాడు. ఉండాల్సినవాడే. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నాడు, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడి పెట్టాడు, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. అంత పెద్దమనిషి కూడా ముందు చేసింది ఒక సవర మనిషి ముందు కూర్చుని "దీన్నేమంటారు?" అని అడగడమే. ఆ జవాబులు చెప్పినవాళ్ళ పేర్లు మా పాఠంలో లేవు. ఆ రోజుల్లోనే గ్రియర్సన్ భాషా సర్వే కోసం దేశంలో చాలా భాషల్ని గ్రామఫోను పళ్ళేల మీదికి ఎక్కించారు. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథని ఒక్కో భాషలో చెప్పించి పట్టుకున్నారు. అంటే మన నోరు రికార్డవడం కొత్త కాదు. నూరేళ్ళుగా అవుతూనే ఉంది. బొత్తాం మీద వేలు మాత్రం ఎప్పుడూ ఇంకొకడిది.

నేనూ ఆ ఇంకొకణ్ణే అని గుంపులో ఒకమ్మాయి నాకు గుర్తు చేసింది. "సార్, మీరు దళితులే గాని కొండకి మైదానపోళ్ళే గదా" అంది. నిజమే. జవాబు చెప్పుకోలేదు.

కొండమీద కూడా అందరూ ఒకటి కాదు. రిసార్టుల్లో సాయంత్రం టూరిస్టుల ముందు థింసా ఆడిస్తారు. మీరూ చూసే ఉంటారు, ఫోన్లో వీడియో తీసే ఉంటారు. ఆ వీడియోలో చీర ఒకేలా కట్టి, నడుముల వెనక చేతులు కలిపి ఆడే ఆడవాళ్ళు కనిపిస్తారు. పక్కన మోరి, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు వాయించేవాళ్ళు సగం ఫ్రేములో ఉంటారు, లేకపోతే ఉండరు. చాలా ఊళ్ళలో ఆ వాయిద్యం పని వాల్మీకులది. పాత రికార్డుల్లో డొంబులని రాశారు వాళ్ళని. పెళ్ళికీ చావుకీ పండక్కీ వాళ్ళే వాయించాలి, గుమ్మం దగ్గరకొచ్చేసరికి లెక్కలు వేరు. పల్లంలో మా నాన్నకి జరిగిందే. కాబట్టి "గిరిజన సంగీతం" అని ఒక్క ముక్కలో పేరు పెట్టి యూట్యూబ్‌లో ఎక్కించేస్తే, అందులో ఎవరు పాడారో ఎవరు వాయించారో కలిసిపోతుంది. మా గుంపులో దీనిమీద ఒక రాత్రంతా గొడవ జరిగింది. ఇద్దరు బయటికి వెళ్ళిపోయారు. ఒకడు తిరిగొచ్చాడు.

ఆ గొడవలోంచే ఒక అలవాటు పుట్టింది. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి గౌహర్ జాన్ పాడింది. పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకుంది. గర్వంతో మాత్రమే కాదు. ఆ మైనపు పళ్ళేలు జర్మనీలో హానోవర్ వెళ్ళాలి, అక్కడ అచ్చువేసేవాళ్ళకి లేబులు మీద ఎవరి పేరు రాయాలో తెలియాలి. ఈ కథ క్లాసులో చెప్తే ఆ డుంబ్రిగుడ కుర్రాడే అన్నాడు, "మనమూ చెప్పిద్దాం సార్" అని. ఇప్పుడు మా పిల్లలు తీసే ప్రతి రికార్డు మొదట్లో పాడే మనిషి పేరు, వాయించే మనిషి పేరు, ఊరు, తేదీ వాళ్ళ నోటితోనే ఉంటాయి. తర్వాత ఒక చప్పట్లు. ఆ చప్పట్లు రెండు ఫోన్లలో తీసిన దాన్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టుకోడానికి పనికొస్తాయి. పేరు దేనికి పనికొస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అయినా చట్టం సంగతి చెప్తాను, విద్యార్థులు గుర్తుపెట్టుకోండి. "జానపదం ఎవరి సొత్తూ కాదండీ" అని మీ ముందు ఎవరైనా అంటే, పాట ఎవరిదో తర్వాత తేల్చుకుందాం, ఆ పాడటం మాత్రం పాడినవాళ్ళదే అనండి. 1957 కాపీరైటు చట్టంలో 38వ సెక్షను ప్రదర్శకుల హక్కుల గురించే. 2012 సవరణతో 38బి చేరింది, ప్రదర్శించిన మనిషి తన పేరు చెప్పమని అడిగే హక్కు అందులో ఉంది. ఫోన్లో తీసినా అంతే.

పేరొస్తే చాలా అంటే చాలదు. కిన్నెర మొగులయ్య గొంతు 2021లో భీమ్లా నాయక్ పాటతో తెలుగునాడంతా మోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్న వీడియో చూశాం. మెట్ల కిన్నెర ఆయన చేతిలో ఉంది. మైకు, మీటరు, ఫైలు, లెక్క ఇంకెవరి చేతిలోనో ఉన్నాయి.

చేతిలోకి తీసుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. జహీరాబాదు దగ్గర మాచనూరులో సంఘం రేడియో. 2008 అక్టోబరు 15న గాల్లోకి వచ్చింది. నడిపింది దళిత ఆడవాళ్ళు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. లైసెన్సు రాకముందునుంచే వాళ్ళు ఊళ్ళు తిరిగి టేపుల మీద పాటలు, విత్తనాల కబుర్లు, మందుల కబుర్లు పట్టుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఊరి సంస్థలు రేడియో పెట్టుకోవచ్చని విధానం రావడానికి 2006 అయింది. ఆ మధ్య కాలమంతా వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పొలం పనిచేసే ఆడవాళ్ళు మిక్సరు మీటలు నేర్చుకున్నారు. మొదటి రోజు వాళ్ళూ ఎవరో ఒకర్ని "ఇదేమిటి?" అని అడిగే ఉంటారు, అవతలివాళ్ళు నవ్వకుండా చెప్పే ఉంటారు. నవ్వి ఉంటే సంఘం రేడియో ఉండేది కాదు.

మా గుంపులో నేర్చుకున్నవి ఇంకొన్ని చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. కొత్త స్లాబు ఇళ్ళలో నూతి గొంతు ఎక్కువ. పాత మట్టిగోడల ఇల్లు నయం. అదీ లేకపోతే కాఫీ గింజల బస్తాలు పేర్చిన మూల చూసుకోండి, నిండు గోనెబస్తా గోడకి తగిలించే ఖరీదైన నురగ పలకల కన్నా బాగా శబ్దాన్ని మింగుతుంది. రేకుల ఇంట్లో వానాకాలం ఆశ పెట్టుకోవద్దు. కొత్తవలస–కిరండూల్ లైను పక్కన ఇల్లున్నవాళ్ళు ఇనప ఖనిజం గూడ్సు వెళ్ళేదాకా ఆగి తియ్యండి, తర్వాత దాన్ని తీసెయ్యగలమని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఫోన్‌లో నాయిస్ తగ్గించే ఏర్పాటు ఉంటే ఆపెయ్యండి. అది మాటకోసం పెట్టింది. ఎడతెగకుండా సాగే శబ్దాన్ని ఫ్యాను మోతగా లెక్కేస్తుంది, కొమ్ము దీర్ఘం తీస్తే నొక్కేస్తుంది. ఆటోట్యూన్ అంతకన్నా పెద్దమనిషి. పన్నెండు మెట్ల నిచ్చెన ఒకటి దగ్గర పెట్టుకుని, మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలబడిన గొంతుని పట్టుకుని పక్క మెట్టు మీదికి లాగుతుంది. ఒకసారి సరదాకి పెద్దమ్మ పాటకి పెట్టి ఆవిడకే వినిపించారు. "ఎవరు ఈ పిల్ల? మన ఊరిది కాదే" అందట. పూర్తయిన పాట పంపేటప్పుడు వాయిస్ నోటుగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే నలిగిపోతుంది.

చదువుకుని స్టూడియోల్లో, చానెళ్ళలో, సాఫ్ట్‌వేరులో ఉన్న మన వాళ్ళు ఈ పోస్టు చదువుతున్నారని తెలుసు. మీరు లైకు కొడితే మాకేం రాదు. వారానికి ఒక అరగంట ఇవ్వండి. "ఫాంటమ్ పవర్ అంటే ఏంటన్నా, దెయ్యమా?" అని అడిగితే నవ్వుకోండి గాని, మైకులోకి తీగ ద్వారా వెళ్ళే నలభై ఎనిమిది వోల్టులని తెలుగులో చెప్పండి. ఆరోసారి అడిగినా చెప్పండి. మీరు నేర్చుకున్నప్పుడు మీ పక్కన ఎవరూ లేరని నాకు తెలుసు. చాలామంది "మేం కష్టపడి నేర్చుకున్నాం, వాళ్ళూ పడనీ" అంటారు. ఆ మాట మన నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి వెతుక్కోండి.

నిన్న సాయంత్రం గుంపులో ఒక కొత్త ప్రశ్న వచ్చింది. ముంచింగిపుట్టు వైపు అమ్మాయి, డిగ్రీ మొదటి ఏడు. వాళ్ళ అవ్వ పాట తీసింది, తొమ్మిది నిమిషాలు. మధ్యలో అవ్వ రెండుసార్లు దగ్గింది, ఒకచోట ఆగి కోడిని అదిలించింది. "అవి కట్ చెయ్యాలా, ఉంచాలా?" అని అడిగింది. పాలిటెక్నిక్ బావ కట్ చెయ్యమన్నాడు, ఎలా చెయ్యాలో కూడా రాశాడు. ఇద్దరు ఉంచమన్నారు. ఒకడు కోడిని ఉంచి దగ్గు తీసెయ్యమన్నాడు. నన్నూ అడిగారు. నాకు చొక్కా చప్పుడు వెనక మా అత్త గుర్తొచ్చి ఏమీ రాయలేకపోయాను.

రాత్రి పదింటికి ఆ అమ్మాయే మళ్ళీ రాసింది. "రేపు అవ్వ సంతకి దిగుతాది. ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించి అవ్వనే అడుగుతాను."